తిరుపతి నుంచి లండన్‌కి, ఇద్దరు చిన్నపిల్లలతో: ఒక కేసు పూర్తి వివరాలు

భర్త సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. బెంగళూరు కంపెనీకి తిరుపతి ఇంటి నుంచే పనిచేసేవారు. భార్య ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కల టీచరు. పాప 2020 జులై 19న చిత్తూరులో అమ్మమ్మ వాళ్ళింట ఉండగా పుట్టింది, బాబు 2023 నవంబరు 8న తిరుపతిలో. లండన్ ఉద్యోగం ఆఫర్ 2025 జనవరిలో వచ్చింది. జీతం ఏడాదికి 52,000 పౌండ్లు, ఆఫీసు తూర్పు లండన్‌లోని కెనరీ వార్ఫ్, చేరాల్సింది జూన్ 9. స్కిల్డ్ వర్కర్ వీసా (బ్రిటన్ కంపెనీ ఇచ్చిన ఉద్యోగం మీద వచ్చేది), మూడేళ్ళు. కాగితాల నుంచి ప్రయాణం దాకా ఈ కుటుంబానికి సలహా ఇచ్చింది మేమే. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాం. లెక్కలు, క్రమం మార్చలేదు.

ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. వీసా సజావుగా వచ్చింది. సమస్యలన్నీ వీసాకు ముందు, వీసాకు తరువాత వచ్చాయి. ముందు వచ్చినవి పిల్లల కాగితాల్లో పేర్ల గురించి, తరువాత వచ్చినవి అక్కడి అడ్రస్ గురించి. మన జిల్లాల నుంచి వెళ్ళే కుటుంబాలు ముందు ఉద్యోగం, తరువాత వీసా, టికెట్లు, ఇల్లు, చివర్న స్కూలు అని వరుస పెట్టుకుంటాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ వరుసను చివరి నుంచి మొదలుపెట్టి ఆలోచించాలి.

పేర్లు

మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో, రెండోది ఎక్కడ వీలైతే అక్కడ. అందువల్ల పిల్లల బర్త్ సర్టిఫికెట్లు రెండు వేర్వేరు ఊళ్ళ రికార్డుల్లో, ఇద్దరు వేర్వేరు గుమాస్తాల చేతిరాతలో మొదలవుతాయి. ఈ ఇంట్లో తల్లి పాస్‌పోర్టులో పేరు మునిలక్ష్మి తరహాలో ఒకే మాటగా ఉంది. పాప సర్టిఫికెట్‌లో అదే పేరు రెండు ముక్కలై, 'క్ష్'కి ఇంగ్లిషు స్పెల్లింగ్ మారింది. బాబు సర్టిఫికెట్‌లో ముందు భాగం పొడి అక్షరంగా మారి, రెండో భాగం మాత్రం మిగిలింది. బాబు పేరు గడి అసలు ఖాళీ. బారసాల అయ్యేలోపే ఆసుపత్రి వాళ్ళు వివరాలు పంపేశారు, ఆ తరువాత ఎవరూ పట్టించుకోలేదు.

ఇలాంటప్పుడు ఏ కాగితాన్ని దేనికి తగ్గట్టు మార్చాలన్నది మొదటి ప్రశ్న. మా పద్ధతిలో తల్లిదండ్రుల పాస్‌పోర్టే మూలం. దాంట్లో ఉన్న పేరుకు తగ్గట్టు మిగతావన్నీ సరిచేయాలి, పాస్‌పోర్టును కదపకూడదు. పాస్‌పోర్టు మారిస్తే డిగ్రీలు, బ్యాంకు, పాన్, పాత వీసాలు అన్నీ ఒకదాని వెంట ఒకటి తేడా పడతాయి.

1969 జనన మరణాల నమోదు చట్టం ఈ రెండు పనులకూ దారి ఇస్తుంది. పేరు లేకుండా నమోదైన బిడ్డకు 14వ సెక్షను కింద తరువాత పేరు చేర్చవచ్చు: 12 నెలల్లోపు ఉచితంగా, ఆపైన 15 ఏళ్ళ దాకా లేటు ఫీజుతో. బాబుకు అప్పటికి 15 నెలలు, కాబట్టి లేటు ఫీజు కట్టారు. తల్లి పేరు సవరణ 15వ సెక్షను కిందికి వస్తుంది. రిజిస్ట్రారు అసలు నమోదును కొట్టివేయరు, మార్జిన్‌లో సవరణ రాస్తారు. అందుకే తల్లి పాస్‌పోర్టు, పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్ మూడింటిలోనూ పేరు ఒకేలా ఉందని చూపించాల్సి వచ్చింది. ఆధార్‌లో పేరు ముక్కలై ఉంటే ముందు ఆధార్, తరువాతే బర్త్ సర్టిఫికెట్. ఈ వరుస తప్పితే మీసేవలోనో సచివాలయంలోనో పెట్టిన దరఖాస్తు తిరిగి వస్తుంది, మరో మూడు వారాలు పోతాయి.

బాబు విషయంలో ఇంకో కొత్త సంగతి. 2023 అక్టోబరు 1, ఆ తరువాత పుట్టినవాళ్ళకు పాస్‌పోర్టు కోసం పుట్టిన తేదీ రుజువుగా బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే చెల్లుతుంది. వేరే కాగితాలు చూపించి నెట్టుకొచ్చే వీలు అంతకు ముందు పుట్టినవాళ్ళకే. బాబు ఆ తేదీ తరువాత పుట్టాడు గనక సర్టిఫికెట్‌లో పేరు ఎక్కేదాకా పాస్‌పోర్టు అపాయింట్‌మెంట్ తీసుకోవద్దని చెప్పాం.

జిల్లా పేరు గురించి అందరూ అడుగుతారు. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకు ముందు తిరుపతిలో పుట్టినవాళ్ళ కాగితాల్లో చిత్తూరు జిల్లా అనే ఉంటుంది, ఇప్పటి ఆధార్‌లో తిరుపతి జిల్లా. ఇది తప్పు కాదు, సరిచేయాల్సిన పనే లేదు. దీన్ని 'సరిచేయిస్తాం' అని డబ్బు తీసుకునేవాళ్ళున్నారు, వాళ్ళ మాట వినకండి. యూకే వీసాకు అపోస్టిల్ ముద్ర (కాగితం అసలైనదేనని విదేశాల కోసం మన ప్రభుత్వం వేసేది) కూడా అక్కర్లేదు. గల్ఫ్, యూరప్ కేసుల అలవాటు కొద్దీ ప్రతి కాగితానికీ అది వేయిస్తారు, అనవసరపు ఖర్చు.

పెళ్ళి తిరుచానూరులో ఒక కల్యాణ మండపంలో 2018లో జరిగింది, రిజిస్టరు కాలేదు. శుభలేఖ, మండపం రశీదు వీసాకు రుజువులు కావు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో హిందూ వివాహ చట్టం కింద ఏళ్ళ తరువాతైనా రిజిస్టరు చేయించుకోవచ్చు. దంపతులు, సాక్షులు, పెళ్ళి ఫోటోలు, శుభలేఖ, వయసు రుజువులు తీసుకెళితే సరిపోతుంది. ఇక్కడా ఇంగ్లిషు స్పెల్లింగ్ పాస్‌పోర్టు చూసి రాయించాలి. టైపు చేసే మనిషి చెవికి వినిపించినట్టు రాస్తే మళ్ళీ మొదటికి.

పిల్లల పాస్‌పోర్టులు తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలోనే. ఇద్దరు తల్లిదండ్రులూ సంతకం చేసిన అనెక్జర్-డి అనే అంగీకార పత్రం ఉండాలి. నాలుగేళ్ళ లోపు బిడ్డకు తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫోటో మనమే తీసుకెళ్ళాలి, పెద్దవాళ్ళకు అక్కడే తీస్తారు. పిల్లల పాస్‌పోర్టు గడువు అయిదేళ్ళే. జనవరి చివర్లో మొదలైన కాగితాల పని ఏప్రిల్ మొదటి వారానికి ముగిసింది. మొత్తం కేసులో ఎక్కువ కాలం తీసుకున్నది ఈ ఘట్టమే, వీసా కాదు.

వీసా, డబ్బు

ఉద్యోగ కోడ్, జీతం పరిమితి, స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ కంపెనీ చూసుకుంది. కుటుంబం చూసుకోవాల్సినవి మూడు.

ఒకటి, టీబీ పరీక్ష. బ్రిటన్ ఆమోదించిన క్లినిక్‌లోనే చేయించాలి. తిరుపతి వాళ్ళకు చెన్నై దగ్గర. 11 ఏళ్ళ లోపు పిల్లలకు మామూలుగా ఎక్స్‌రే ఉండదు, డాక్టరు చూసి ప్రశ్నలు అడుగుతారు. అయినా పిల్లలు అక్కడికి రావాల్సిందే. సర్టిఫికెట్ ఆరు నెలలు చెల్లుతుంది. ఎక్స్‌రేలో పాత మచ్చ కనబడితే కఫం పరీక్షకు పంపుతారు, కల్చర్ ఫలితానికి రెండు నెలల దాకా పడుతుంది. కాబట్టి పాస్‌పోర్టులు చేతికి రాగానే మొదట ఈ పని పెట్టాం. అందరివీ మామూలుగానే వచ్చాయి. గర్భిణులు ఎక్స్‌రే వద్దనుకుంటే అదే కఫం పరీక్ష, అంతే ఆలస్యం.

రెండు, హెల్త్ సర్‌చార్జి, అంటే అక్కడి ప్రభుత్వ వైద్యం (ఎన్‌హెచ్‌ఎస్) వాడుకోవడానికి కట్టే రుసుము. పెద్దవాళ్ళకు ఏడాదికి 1,035 పౌండ్లు, 18 లోపు పిల్లలకు 776. మూడేళ్ళకు నలుగురికి 10,866 పౌండ్లు, అంతా దరఖాస్తు రోజే ఒక్కసారిగా కట్టాలి. పౌండు 115 రూపాయల లెక్కన పన్నెండున్నర లక్షలు. వీసా ఫీజులు దీనికి అదనం. కంపెనీ ఆఫర్ లెటర్‌లో 'వీసా ఖర్చులు మేం భరిస్తాం' అని ఉంది, కానీ దాని అర్థం ఉద్యోగి ఒక్కరికే అని ఏప్రిల్‌లో తేలింది. మిగతా ముగ్గురి సర్‌చార్జి 7,761 పౌండ్లు, దాదాపు తొమ్మిది లక్షలు. సంతకం పెట్టే ముందే 'డిపెండెంట్ల సర్‌చార్జి ఎవరు కడతారు' అని ఈమెయిల్‌లో అడగాల్సిన ప్రశ్న ఇది. సంతకం అయ్యాక అడిగితే కంపెనీ సగం అప్పుగా ఇచ్చి జీతంలో కోస్తానంది, అదే తీసుకున్నారు.

కట్టేటప్పుడు జరిగే తంటా కూడా చెప్పాలి. మన దేశం నుంచి కట్టేటప్పుడు మొత్తం డాలర్లలో చూపిస్తుంది, మార్కెట్ రేటుకంటే కొంచెం ఎక్కువ లెక్కతో. డెబిట్ కార్డుకు విదేశీ లావాదేవీల రోజువారీ పరిమితి ఉంటుంది. అది పెంచకుండా కూర్చుంటే పేమెంట్ ఫెయిలై, సెషను పోయి, ఫారం మళ్ళీ మొదటి నుంచి. ముందు రోజే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసి, పరిమితి పెంచి, ఒక్కొక్కరి దరఖాస్తు వేరువేరుగా కట్టించాం.

మూడు, మెయింటెనెన్స్ డబ్బు, అంటే అక్కడ మొదట్లో గడపడానికి సరిపడా ఉందని చూపాల్సిన నిల్వ. ఉద్యోగికి 1,270 పౌండ్లు, భార్యకు 285, మొదటి బిడ్డకు 315, రెండో బిడ్డకు 200. ఇవి వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. స్పాన్సర్ (ఉద్యోగం ఇచ్చే కంపెనీ) హామీ ఇస్తే అక్కర్లేదు. ఇక్కడ కంపెనీ హామీ ఉద్యోగికి మాత్రమే ఇచ్చింది. మిగతా ముగ్గురికి 800 పౌండ్లు, సుమారు 92 వేల రూపాయలు. చిన్న మొత్తమే గానీ, కేసులు పోయేది ఇక్కడే. 28 రోజుల్లో ఒక్క రోజు నిల్వ తగ్గినా తిరస్కరిస్తారు. మామగారి ఖాతాలో ఉన్న డబ్బు, బంగారం, భూమి లెక్కలోకి రావు. రూపాయి విలువ పడిపోతే సరిగ్గా 92 వేలు పెట్టినవాళ్ళు ఇరుక్కుంటారు. అందుకే భార్య ఖాతాలో రెండు లక్షలు వేయించి, ఆ నెలంతా ఆ ఖాతాకు యూపీఐ తీసేయించాం.

భర్త ముందా, అందరూ కలిసా

నలుగురి దరఖాస్తులూ ఏప్రిల్ చివర్లో కలిపే పెట్టారు. ప్రయాణం మాత్రం రెండు విడతలు: ఆయన జూన్ మొదటి వారం, మిగతావాళ్ళు ఆగస్టు 18. అందరూ ఒకేసారి వెళ్ళాలని ఇంట్లో పెద్దవాళ్ళ పట్టు. మా సలహా ఆయన ముందు వెళ్ళడం. లండన్‌లో ఇల్లు ఆన్‌లైన్‌లో చూసి అద్దెకు తీసుకోవడం, అదీ పిల్లలతో, మోసాలకు తలుపు తెరవడమే. ఒక్కరైతే పంచుకునే గదిలో నెల రోజులు గడిపి, తిరిగి చూసి ఇల్లు తీసుకోవచ్చు. నలుగురైతే సర్వీస్ అపార్ట్‌మెంట్ ఒక్కటే దారి. అక్కడ నెల ఉంటే చేతిలో ఉన్న డబ్బంతా కరుగుతుంది.

ఇల్లు వెతకడం జూన్ మూడో వారం మొదలైంది. ఆఫీసు కెనరీ వార్ఫ్ కాబట్టి తూర్పు లండన్‌లో ఎలిజబెత్ రైలు లైను మీద, నాలుగో జోన్‌లో (చార్జీల కోసం నగరాన్ని విభజించిన వలయాల్లో ఒకటి) వెతకమన్నాం. ఇల్ఫోర్డ్ వైపు నుంచి వస్తే వైట్‌చాపెల్‌లో ఒక మార్పు. తమిళ, తెలుగు కుటుంబాలు, మన సరుకుల అంగళ్ళు, మురుగన్ గుడి ఈస్ట్ హామ్ దగ్గర. హారో, హౌన్స్లో కూడా మనవాళ్ళవే గానీ రోజూ నగరాన్ని అడ్డంగా దాటాలి.

మొదట నచ్చిన ఇల్లు 1,850 పౌండ్ల అద్దె. ఏజెంటు రెఫరెన్సింగ్‌లో, అంటే అద్దె కట్టగలరా అన్న పరిశీలనలో, పోయింది. కారణం మామూలు లెక్కే: చాలా ఏజెన్సీలు ఏడాది జీతం నెల అద్దెకు 30 రెట్లు ఉండాలంటాయి. 1,850కి 30 రెట్లు 55,500. ఈయన జీతం 52,000, అంటే గరిష్ఠంగా 1,733. వెతకడం మొదలుపెట్టే ముందే ఈ భాగహారం చేసి ఉంటే రెండు వారాలు మిగిలేవి. చివరికి 1,700కు రెండు బెడ్‌రూముల ఫ్లాటు దొరికింది. 2019 టెనెంట్ ఫీజ్ చట్టం ప్రకారం హోల్డింగ్ డిపాజిట్ (ఇల్లు మన కోసం ఆపి ఉంచేందుకు ఇచ్చేది) వారం అద్దెకు మించకూడదు, అంటే 392 పౌండ్లు. సెక్యూరిటీ డిపాజిట్ అయిదు వారాలకు మించకూడదు, 1,961. డిపాజిట్‌ను 30 రోజుల్లో గుర్తింపు పొందిన స్కీములో పెట్టి కాగితం ఇవ్వాలి, ఇవ్వకపోతే అడిగి తీసుకోవాలి. వేరే పేర్లతో 'అడ్మిన్ ఫీజు' అడిగితే అది చట్టవిరుద్ధం.

అక్కడ క్రెడిట్ హిస్టరీ లేదని ఓనరు మూడు నెలల అద్దె ముందుగా అడిగాడు, ఇచ్చారు. 2025 రెంటర్స్ రైట్స్ చట్టం వల్ల 2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో ఒక నెలకు మించి అద్దె ముందుగా అడగకూడదు. వినడానికి మంచిదే. కానీ కొత్తగా వచ్చినవాళ్ళు డబ్బు చూపించి నమ్మకం కొనుక్కునే దారి కూడా దాంతో మూసుకుంది. ఇకమీదట వెళ్ళేవాళ్ళు కంపెనీ నుంచి జీతం, కాంట్రాక్టు కాలం రాసిన లేఖ చేతిలో పెట్టుకుని, యూకేలో జీతం వచ్చే, మన అద్దెకు హామీ ఉండే గ్యారంటర్ ఎవరన్నా దొరుకుతారేమో ముందే చూసుకోవాలి.

ఇల్లు చూసేటప్పుడు మన వంటకు సంబంధించి ఒకటి అడగాలి: పొయ్యి గ్యాసా, ఇండక్షనా? ఇక్కడి నుంచి మోసుకెళ్ళిన అల్యూమినియం కుక్కర్, దోసె పెనం ఇండక్షన్ మీద వేడెక్కవు. ఇనుప పెనం పనిచేస్తుంది, అడుగు చదునుగా ఉంటే. స్టీలు కుక్కర్ ఇండక్షన్ అడుగు ఉన్నదే కొనాలి. మిక్సీకి, వెట్ గ్రైండరుకి ఇబ్బంది లేదు, అక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్గు అడాప్టరు చాలు. హాల్లో ఉన్న పొగ అలారం మాత్రం మన తాలింపుకు ఊరుకోదు. కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ వేసి, అప్పుడు ఆవాలు వేయాలి.

స్కూలు

అసలు దెబ్బ ఇక్కడ తగిలింది. ఇంగ్లండ్‌లో క్లాసు సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 మధ్య పుట్టిన తేదీని బట్టి. నాలుగేళ్ళు నిండాక వచ్చే సెప్టెంబరులో రిసెప్షన్ (స్కూల్లో మొదటి క్లాసు), అయిదు నిండాక వచ్చే సెప్టెంబరులో ఇయర్ 1. జులైలో పుట్టిన మన పాపకు 2025 సెప్టెంబరుకు అయిదేళ్ళు ఒకటిన్నర నెల. తిరుపతిలో ఆమె అప్పుడే యూకేజీలో చేరింది. తల్లిదండ్రులు రిసెప్షన్ అంటే యూకేజీ అనుకున్నారు. అక్కడ ఆమె రిసెప్షన్ దాటి నేరుగా ఇయర్ 1, అదీ క్లాసులో దాదాపు అందరికంటే చిన్నది. ఇయర్ 1 పిల్లలందరికీ జూన్‌లో ఫోనిక్స్ పరీక్ష ఉంటుంది: అక్షరాల శబ్దాలు కలిపి, అర్థం లేని మాటలు కూడా చదవాలి. మన నర్సరీల్లో స్పెల్లింగ్ కంఠస్థం చేయిస్తారు, ఇది వేరు. కాబట్టి ఏప్రిల్ నుంచే రోజూ పావుగంట శబ్దాల అభ్యాసం మొదలుపెట్టమన్నాం. ఉపయోగపడింది.

సీటు సంగతి. మధ్యలో వచ్చే పిల్లలకు ఇన్-ఇయర్ అడ్మిషన్. ఫలితం 10 స్కూలు రోజుల్లో చెప్పడానికి ప్రయత్నించాలి, 15 స్కూలు రోజుల్లో చెప్పి తీరాలి అని అడ్మిషన్ కోడ్. ఇక్కడ 'స్కూలు రోజులు' అన్నదే కీలకం. జులై చివర్నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా వేసవి సెలవులు, ఆ రోజులు లెక్కలోకి రావు. ఈ కుటుంబం ఉన్న ప్రాంతపు కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) పాప దేశంలోకి వచ్చాకే దరఖాస్తు తీసుకుంటామంది (ఇది కౌన్సిల్‌ని బట్టి మారుతుంది, ఇల్లు తీసుకునే ముందే అడగాలి). ఆగస్టు 19న పెట్టిన దరఖాస్తుకు గడియారం సెప్టెంబరులో మొదలైంది. సీటు మూడో వారంలో వచ్చింది, అదీ ఇంటి పక్క స్కూల్లో కాదు, బస్సెక్కి వెళ్ళే దూరంలో. పక్క స్కూల్లో ఇయర్ 1లో 30 మంది నిండారు. రిసెప్షన్, ఇయర్ 1, ఇయర్ 2 క్లాసులకు 30 చట్టపరమైన పరిమితి, బతిమాలితే పెరిగేది కాదు. వెయిటింగ్ లిస్టులో పేరు ఉంచి, వచ్చిన సీటు తీసుకున్నారు. వచ్చిన సీటు వదులుకుని ఎదురుచూడటం మాత్రం చేయకూడదు.

ఇయర్ 1, 2 వయసు పిల్లలున్నవాళ్ళు కుటుంబాన్ని జూన్ మధ్యకల్లా అక్కడికి చేర్చాలన్నది మా అభిప్రాయం. సెలవులకు ముందు దరఖాస్తు పడితే సెప్టెంబరు మొదటి రోజే పిల్ల క్లాసులో ఉంటుంది. ఈ కేసులో ఆయన ఏప్రిల్‌లో చేరి ఉంటే కుదిరేది. కాగితాల్లో పేర్ల దగ్గర పోయిన రెండు నెలలు ఇక్కడ సెప్టెంబరులో లెక్కకొచ్చాయి.

టీసీ అక్కడ అడగరు. పాస్‌పోర్టు, బర్త్ సర్టిఫికెట్, అద్దె ఒప్పందం చాలు. ప్రభుత్వ స్కూలు ఉచితం, ఇయర్ 2 దాకా మధ్యాహ్న భోజనం అందరికీ ఉచితం. లండన్‌లో ప్రభుత్వ ప్రైమరీ స్కూళ్ళన్నింటిలోనూ 2023 నుంచి మేయరు నిధులతో ఉచితమే. శాకాహారం అని ఫారంలో రాయాలి. గుడ్డు తినరంటే అది విడిగా రాయాలి, అక్కడ శాకాహారంలో గుడ్డు ఉంటుంది.

టీకాల కార్డు విషయంలో ఒక తేడా. మన ప్రభుత్వ టీకాల్లో 9 నెలలకు, ఏడాదిన్నరకు వేసేది ఎంఆర్, మీజిల్స్, రుబెల్లా మాత్రమే. అక్కడ మంప్స్ కూడా కలిసినది కావాలంటారు. పాపకు ప్రైవేటు డాక్టరు ఎంఎంఆర్ వేశారు, బాబుకు అర్బన్ హెల్త్ సెంటర్లో ఎంఆర్. తెలుగులో ఉన్న కార్డును పిల్లల డాక్టరుతో ఇంగ్లిషులో, టీకా పేరు, తేదీలతో లెటర్‌హెడ్ మీద రాయించి పంపాం. లేకపోతే నర్సు మొదటి నుంచి వేయాల్సి వస్తుంది. జీపీ (ఇంటి దగ్గరి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర నమోదుకు అడ్రస్ రుజువు తప్పనిసరి కాదు, రిసెప్షనిస్టు అడిగినా ఆ మాట మర్యాదగా చెప్పవచ్చు. అక్కడి చలికాలపు ఎండ చాలదు. ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లలకు ఏడాది పొడుగునా, మిగతావాళ్ళకు చలికాలంలో, రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్-డి అని అక్కడి ఆరోగ్యశాఖ సలహా.

నెల లెక్క

ఊళ్ళో 52 వేల పౌండ్లంటే 'అరవై లక్షల జీతం' అయింది. పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ పోగా నెలకు చేతికి వచ్చేది 3,390 పౌండ్లు, పెన్షన్ కోత కాకముందు. అందులో అద్దె 1,700. కౌన్సిల్ టాక్స్, కరెంటు, గ్యాసు, నీళ్ళు, ఇంటర్నెట్ కలిపి 400 దాకా. ఆయన రైలు ఖర్చు, సరుకులు, కంపెనీ అప్పు కోత పోగా మిగిలేది వందల్లోనే. 11 లోపు పిల్లలకు బస్సు, పెద్దవాళ్ళతో ఉంటే ట్యూబు (మెట్రో రైలు) ఉచితం. అది పెద్ద ఊరట.

భార్య ఉద్యోగం వెంటనే ఎందుకు కుదరదో ఈ లెక్క చెబుతుంది. డిపెండెంట్ వీసా మీద ఆమె ఏ ఉద్యోగమైనా చేయవచ్చు. కానీ రెండేళ్ళ లోపు బిడ్డకు లండన్‌లో ఫుల్ టైమ్ నర్సరీ నెలకు 1,500 పౌండ్లు దాటడం మామూలే. ఉద్యోగస్తులకు ఇచ్చే 30 గంటల ఉచిత చైల్డ్‌కేర్ ఈ వీసాలో ఉన్నవాళ్ళకు వర్తించదు, దానికి పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ సంక్షేమ సాయం) తీసుకునే హక్కు ఉండాలి. మూడేళ్ళు నిండాక వచ్చే టర్మ్ నుంచి వారానికి 15 గంటలు మాత్రం ఏ వీసా వాళ్ళకైనా ఉంటుంది. బాబుకు అది 2027 జనవరి.

పబ్లిక్ ఫండ్స్ మాట వచ్చింది కాబట్టి: పిల్లలున్నవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే చైల్డ్ బెనిఫిట్‌కు దరఖాస్తు చేయకూడదు. స్కూలు తల్లులు 'అందరికీ వస్తుంది, పెట్టుకో' అంటారు. ఈ వీసాలో అది షరతు ఉల్లంఘన, తరువాతి వీసాకు అడ్డం. స్కూలు, ఎన్‌హెచ్‌ఎస్, ఉచిత భోజనం పబ్లిక్ ఫండ్స్ కిందికి రావు, వాటికి భయపడనక్కర్లేదు.

ప్రయాణం దగ్గర

చెన్నై నుంచి హీత్రూకు నేరుగా విమానం ఉంది. పిల్లలతో అది కొంచెం ఖరీదైనా నయం. రెండేళ్ళ లోపు బాబుకు ఒళ్ళో సీటు ధర. ఇంటి పెద్దవాళ్ళు సర్దిన నెయ్యి డబ్బా, పాలకోవా తీసేయించాం, భారత్ నుంచి పాలపదార్థాలు, మాంసం బ్రిటన్‌లోకి తీసుకెళ్ళకూడదు. చిన్నపిల్లల పాలపొడి మాత్రం కంపెనీ ప్యాకింగుతో మనిషికి 2 కిలోల దాకా సరే. పచ్చళ్ళు, పప్పుల పొడులు వెళతాయి. భర్త స్నేహితుడు కారుతో వస్తానన్నాడు. అక్కడ 12 ఏళ్ళు గానీ 135 సెంటీమీటర్ల ఎత్తు గానీ వచ్చేదాకా కారులో పిల్లల సీటు తప్పనిసరి, రెండు సీట్లు అతని దగ్గర లేవు. లైసెన్సు ఉన్న టాక్సీలకు ఈ నిబంధనలో మినహాయింపు ఉంది, అందులోనే ఇంటికి చేరారు.

తల్లి ఒక్కతే పిల్లలతో వెళుతోంది గనక తండ్రి సంతకంతో అనుమతి లేఖ, పెళ్ళి, బర్త్ సర్టిఫికెట్ల కాపీలు చేతి సంచీలో ఉంచమన్నాం. ఈ-వీసా (ఆన్‌లైన్‌లో ఉండే వీసా రికార్డు) కోసం నలుగురికీ వేర్వేరు యూకేవీఐ (బ్రిటన్ వీసాల విభాగం) ఖాతాలు తెరిచి, ఒక్కోదానికీ సరైన పాస్‌పోర్టు నంబరు జతైందో లేదో ప్రయాణానికి వారం ముందు చూశాం. బాబు ఖాతాలో ఒక అంకె తప్పు పడింది, చెక్-ఇన్ కౌంటరు దగ్గర తేలాల్సిన సంగతి అది.

ఇక్కడ వదిలి వెళ్ళినవి

భర్త ఇండియా సిమ్ రోమింగ్‌తో బతికి ఉండాలి. బ్యాంకు, ఆధార్, పన్ను ఓటీపీలన్నీ దానికే. పాపకు జులైలో అయిదేళ్ళు నిండాయి కాబట్టి ఆధార్ బయోమెట్రిక్ అప్‌డేట్ ఆగస్టులో, వెళ్ళకముందే చేయించాం. సేవింగ్స్ ఖాతాలను ఎన్‌ఆర్‌ఓగా (విదేశాల్లో ఉండేవాళ్ళ ఇండియా ఆదాయానికి ఖాతా) మార్చాలి, తిరుపతి ఇంటి అద్దె అందులోకే రావాలి. జూన్‌లోనే వెళ్ళినందువల్ల ఆ ఆర్థిక సంవత్సరంలో ఆయన ఇక్కడున్నవి 182 రోజుల లోపే, పన్ను లెక్కల్లో ఎన్‌ఆర్‌ఐ. ఇంటి వ్యవహారాలకు ఆయన తన తండ్రి పేర జీపీఏ (తన తరఫున వ్యవహరించే అధికార పత్రం) వెళ్ళకముందే రిజిస్టరు చేశారు. అక్కడి నుంచి పంపాలంటే హైకమిషన్‌లో అటెస్ట్ చేయించి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టాలి.

ఫైల్లో ఇంకా మూసివేయనివి రెండు. ఇండియా లైసెన్సుతో అక్కడ 12 నెలలే కారు నడపవచ్చు, ఆ తరువాత ప్రొవిజనల్ లైసెన్సు తీసుకుని అక్కడి పరీక్ష పాసవ్వాలి. ఆయన ఇంకా మొదలుపెట్టలేదు. భార్యది అంతకంటే ఆశ ఉన్న దారి. ఇండియాలో శిక్షణ పొందిన లెక్కలు, సైన్సు, భాషల టీచర్లు 11 నుంచి 16 ఏళ్ళ పిల్లలకు బోధించేందుకు ఇంగ్లండ్‌లో క్యూటీఎస్ అనే టీచరు అర్హత గుర్తింపుకు నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. డిగ్రీ, బీఎడ్, కనీసం ఒక విద్యా సంవత్సరం అనుభవం చూపాలి. ఆమె చేతిలో ఎస్వీ యూనివర్సిటీ ప్రొవిజనల్ డిగ్రీ సర్టిఫికెట్ మాత్రమే ఉంది. ఒరిజినల్ డిగ్రీకి దరఖాస్తు ఆగస్టు మొదటి వారంలో పెట్టించాం, పాత స్కూలు నుంచి సబ్జెక్టు, తరగతులు, తేదీలు రాసిన అనుభవ పత్రం తీసుకున్నాం. పోలీస్ క్లియరెన్స్ కూడా తిరుపతిలోనే తీసుకుని పంపాం, స్కూళ్ళలో ఏ ఉద్యోగానికైనా అడుగుతారు. బాబు నర్సరీ గంటలు మొదలయ్యే నాటికి ఆమె దరఖాస్తు సిద్ధంగా ఉండాలన్నది లెక్క.